కర్నూలు ఇంటి బీరువాలో కొయ్య కందిరీగ: పదకొండు రంధ్రాల కేస్ స్టడీ

కేసు వివరం

కర్నూలులో కల్లూరు వైపు కొత్తగా కట్టిన ఇల్లు. మూడు పడకగదుల్లో గోడ బీరువాల పని దీపావళికి ముందు పూర్తయింది. చట్రానికి దిగుమతి పైన్ పట్టీలు (రెండంగుళాల వెడల్పు, అంగుళం మందం), పైన ప్లైవుడ్, ఆపైన తెల్లటి మైకా షీటు వాడారు. మరుసటి జూలైలో ఒక బీరువా పక్క పలక మీద గుండ్రటి రంధ్రం కనిపించింది. రెండు వారాల్లో అవి తొమ్మిదయ్యాయి. అదే గదిలో కిటికీ అద్దానికి కొట్టుకుంటూ, వెనక ముల్లున్న నల్లటి ఈగ దొరికింది.

మేం వెళ్లేసరికే చెదల మందు కొట్టే పనివాళ్లు రెండుసార్లు వచ్చి వెళ్లారు. రంధ్రాల్లోకి సిరంజితో మందు ఎక్కించి, మైనంతో మూసి, "పుచ్చు పట్టింది, బీరువాలన్నీ పీకేయాలి" అని చెప్పారట. మూసిన వాటి పక్కనే మళ్లీ కొత్తవి పడ్డాయి. ఇంటివాళ్ల భయం అప్పటికే పెరటికి పాకింది, ఎందుకంటే అక్కడి మామిడి మొదట్లోనూ రంధ్రాలున్నాయి. "ఇది యాపసెట్టుకు గూడా పడతాదా నాయనా?" అని ఇంటి పెద్దావిడ అడిగిన మాటే ఈ కేసులో అసలు ప్రశ్న. ఇంట్లో ఉన్నదీ చెట్టులో ఉన్నదీ ఒకే పురుగా, కాదా అన్నది తేలకుండా ఏ మందు కొట్టినా అది గుడ్డిపనే.

రంధ్రాన్ని కొలవడం

మొదట వడ్రంగిని పిలిపించాం. అతను చూడగానే ఒక మాటన్నాడు: "పుచ్చు గాదు సార్. పుచ్చయితే పిండి రాలల్ల." అతని మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఇలాంటి కేసుల్లో అందరికన్నా ముందు అడగవలసినవాడు వడ్రంగే, కానీ చాలామంది అతణ్ని చివర్లో అడుగుతారు.

రంధ్రాన్ని కంటి అంచనాతో రాసుకోకూడదు. వెర్నియర్ లేకపోతే డ్రిల్ బిట్ల వెనక భాగం చాలు. 3 మి.మీ. నుంచి 12 మి.మీ. దాకా ఒక్కో బిట్టునూ రంధ్రంలో పెట్టి చూడాలి. ఏది వదులు లేకుండా దూరుతుందో అదే కొలత. ఇక్కడ తొమ్మిదింటిలో ఏడు 5 మి.మీ., రెండు 6 మి.మీ. వచ్చాయి. బిట్టును చుట్టూ తిప్పితే ఎక్కడా సందు లేదు, అంటే అచ్చమైన గుండ్రం. మైకా అంచు విరగలేదు, పంచ్ కొట్టినట్టు తెగింది. కింద అరలో చిటికెడు పొడి ఉంది, అది కూడా మైకా, ప్లై కొరికిన పొడే.

కర్నూలు ఇళ్లలో కొయ్యకు రంధ్రం పడితే అనుమానించాల్సినవి నాలుగైదే. పుచ్చు రంధ్రం సాధారణంగా 1 నుంచి 2 మి.మీ. దాటదు. అందులోంచి టాల్కం పౌడరంత మెత్తటి పిండి రోజూ రాలుతుంది, తుడిచినా తెల్లారేసరికి మళ్లీ ఉంటుంది. పైగా మన దగ్గర ఎక్కువగా కనిపించే పుచ్చు పురుగు లిక్టస్ వెడల్పాకు చెట్ల తెల్లచెక్కలోనే బతుకుతుంది. గుడ్లు పెట్టడానికి దానికి ఆ కొయ్యలోని నాళాలు కావాలి, పిల్లపురుగుకు పిండిపదార్థం కావాలి. పైన్‌లో ఆ నాళాలు లేవు. కాబట్టి పైన్ పట్టీకి లిక్టస్ పట్టిందంటే ఆ మాట దగ్గరే అనుమానించాలి. పొడవు మీసాల పెంకుపురుగు చేసే రంధ్రం సాధారణంగా కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, బిట్టు పెడితే ఒకవైపు సందు మిగులుతుంది. నల్లటి పెద్ద తుమ్మెద వసారా దూలానికి వేసే రంధ్రం చిటికెన వేలు దూరేంత ఉంటుంది, కింద ముతక రంపపు పొట్టు పడుతుంది. అది బయటి నుంచి లోపలికి తొలుస్తుంది. మన కేసులో పురుగు లోపలి నుంచి బయటికి తొలిచింది. ఇళ్లకు మామూలుగా పట్టే చెదలు ఇలాంటి గుండ్రటి రంధ్రాలు చేయవు, మట్టి గూళ్లు కడతాయి.

ఇక అద్దం దగ్గర దొరికిన ఈగ. పొడవు 24 మి.మీ., నీలం మెరుపున్న నల్లటి ఒళ్లు, ఎర్రటి పసుపు కాళ్లు, పూర్తిగా నల్లటి మీసాలు. మామూలు కందిరీగకు ఉండే సన్నటి నడుము దీనికి లేదు. ఛాతీ, పొట్ట ఒకే గొట్టంలా కలిసి ఉంటాయి. పొట్ట చివర పైన ఈటెమొన లాంటి కొమ్ము, దాని కింద సూదిలా గుడ్లు పెట్టే గొట్టం. ఈ సూదిని చూసే జనం కుడుతుందని భయపడతారు. అది కొయ్యను తొలిచే పనిముట్టు, మనిషిని కుట్టదు, అందులో మనకు హాని చేసే విషం లేదు. ఇది సైరెక్స్ ప్రజాతికి చెందిన ఆడ కొయ్య కందిరీగ. జాతి పేరు దాకా వెళ్లాలంటే ఆ రంగంలో నిపుణుడే చూడాలి, కాబట్టి మా రికార్డులో ప్రజాతి వరకే రాశాం.

పట్టీని చీల్చి చూస్తే

తీసేయవలసిన రెండు పట్టీల్లో ఒకదాన్ని ముందు అడ్డంగా రంపంతో కోశాం. కోత ముఖం మీద రంధ్రమే కనబడలేదు. అక్కడక్కడ పావలా బిళ్ల కన్నా చాలా చిన్న గుండ్రటి మచ్చలు, రంగులో చుట్టూ ఉన్న కొయ్యకన్నా ఒక్క వాసి ముదురు. గోటితో గీరితే ఆ మచ్చ పొడిగా ఊడి వచ్చింది. కొయ్య కందిరీగ సొరంగం గుర్తు ఇదే. పిల్లపురుగు ముందుకు తొలుస్తూ, నమిలిన పొట్టును వెనక్కి నెట్టి గట్టిగా కూరుతుంది. సొరంగం ఖాళీగా ఉండదు. చెదల మందు సిరంజి ఎందుకు పనిచేయలేదో ఇక్కడే తేలిపోతుంది. మందు రంధ్రంలో అంగుళం లోపలే ఆ పొట్టుకు తగిలి ఆగింది. పైగా ఆ రంధ్రంలోంచి రావలసిన పురుగు అప్పటికే వెళ్లిపోయింది. మిగిలినవి వేరే సొరంగాల్లో ఉన్నాయి.

తరువాత ఉలి పెట్టి నార వెంబడి చీల్చాం. సొరంగం ఒక్క మీగడ రంగు పట్టీలా వంపు తిరిగి కనిపించింది, మొదట్లో నూలుపోగంత సన్నం, చివరికి 5 మి.మీ. పూర్తి గుండ్రం. పురుగు పెరిగేకొద్దీ సొరంగమూ లావెక్కుతుంది కాబట్టి, చీల్చిన పట్టీలో దాని బతుకంతా ఒక చివర నుంచి మరో చివరకు చదువుకోవచ్చు. లావు చివర 20 మి.మీ. పిల్లపురుగు బతికే ఉంది. మీగడ రంగు, గొట్టంలాంటి ఒళ్లు, కాళ్లు పేరుకే మొటిమల్లా ఉన్నాయి, ఒళ్లు కాస్త ఎస్ అక్షరంలా వంగి ఉంది. తోక చివర ముదురు గోధుమరంగు ముల్లు ఒకటి. ఆ ముల్లు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

బతికున్న చెట్టుకు ఇది చేసే చేటు

ఇంటికి ఇది చేసే నష్టం రంధ్రం వరకే. చెట్టుకు చేసేది వేరే సంగతి, అది తెలుసుకోకపోతే ఈ కేసు సగమే అర్థమవుతుంది.

కొయ్య కందిరీగల్లో చాలా జాతులు పడిపోయిన, ఎండుతున్న చెట్లనే వెతుక్కుంటాయి. మన హిమాలయ అడవుల్లోనూ ఇవి ఉన్నాయి. బతికున్న చెట్టును చంపగలిగిన పేరుమోసిన జాతి సైరెక్స్ నాక్టీలియో. పుట్టిల్లు యూరప్, ఉత్తర ఆఫ్రికా, పడమటి ఆసియా. అక్కడ అది పెద్ద చీడ కాదు. కలపతో కలిసి ప్రయాణం చేశాకే అసలు కథ మొదలైంది. 1900 ప్రాంతంలో న్యూజిలాండ్, 1952లో టాస్మానియా, 1961లో ఆస్ట్రేలియా ప్రధాన భూభాగం, 1980లో ఉరుగ్వే, 1988లో బ్రెజిల్, 1994లో దక్షిణాఫ్రికా, 2004లో అమెరికా న్యూయార్క్ రాష్ట్రం. దక్షిణార్ధగోళంలో వెళ్లిన ప్రతిచోటా పైన్ తోటల మీద పడింది. దక్షిణ ఆస్ట్రేలియా, విక్టోరియా సరిహద్దులోని తోటల్లో 1987 నుంచి 1989 దాకా 50 లక్షలకు పైగా పైన్ చెట్లు చచ్చిపోయాయి.

ఆడ ఈగ చెట్టు బెరడు మీద దిగి సూదిని తెల్లచెక్కలోకి సుమారు 12 మి.మీ. దించుతుంది. ఇది ముందు పరీక్ష. చెట్టు బలంగా, రసం ఒత్తిడితో ఉంటే ఒకే పోటు పొడిచి, గుడ్డు పెట్టకుండా, బురద లాంటి జిగురునూ బూజు విత్తనాలనూ వదిలి వెళుతుంది. చెట్టు నీరసంగా ఉందని తెలిస్తే అదే చోట రెండు, మూడు, నాలుగు పోట్లు పొడిచి గుడ్లు పెడుతుంది, చివరి పోటులో జిగురు, బూజు వదులుతుంది. ఆ బూజు పేరు అమైలోస్టీరియం అరియోలేటం. ఆడ ఈగ దాన్ని గొట్టం మొదట్లో ఉన్న చిన్న సంచుల్లో మోసుకు తిరుగుతుంది.

చెట్టును చంపేది ఈ జిగురూ బూజూ కలిసి. జిగురు చెట్టు నీటి నడకను దెబ్బతీసి ఆకులను పసుపెక్కిస్తుంది. చెట్టు అలా నీరసించిన చోట బూజు అల్లుకుని తెల్లచెక్కను ఎండగడుతుంది. బూజు ఎండగట్టిన కొయ్యే పిల్లపురుగుకు తిండి. అంటే తల్లి తన పిల్లలకు ముందు చెట్టును వండి పెడుతుందన్నమాట. పైనుంచి చూస్తే కొమ్మల కొసలు వాలి, సూదాకులు పసుపై, ఎర్రబారతాయి. మాను మధ్య భాగంలో పొడిచిన చోటల్లా బంక చుక్కలు కారతాయి. బెరడు చెక్కి చూస్తే నార వెంబడి గోధుమరంగు చారలుంటాయి.

సంతానంలో ఒక విశేషం ఉంది. జతకట్టని ఆడ ఈగ గుడ్లు కూడా పొదుగుతాయి, కానీ వాటిలోంచి మగవే వస్తాయి. పెద్ద ఈగ తిండి తినదు, కొద్ది రోజులే బతుకుతుంది. పిల్లపురుగు మాత్రం కొయ్యలో ఏడాది, చలి ప్రాంతాల్లో రెండు మూడేళ్లు ఉంటుంది. చెట్టు నరికి, కోసి, ఓడెక్కించి, కర్నూలు బీరువాలో బిగించేదాకా ఆ పురుగు లోపలే ఉండగలగడానికి కారణం ఈ నిదానమే.

దీన్ని అదుపు చేసిన తీరు చీడల నియంత్రణలో చదవదగ్గ పాఠం. 1962లో న్యూజిలాండ్‌లో ఈ ఈగల కడుపులో ఒక నులిపురుగు కనిపించింది, దాని పేరు డెలాడెనస్ సిరిసిడికోలా. దానికి రెండు బతుకులు. ఒక రూపం చెట్టులో అదే బూజును తింటూ పెరుగుతుంది. మరో రూపం కందిరీగ పిల్లలో దూరి, అది ఆడ ఈగగా మారేసరికి గుడ్లలోకి చేరుతుంది. ఆ ఈగ ఎగిరి వెళ్లి కొత్త చెట్టులో గుడ్లు పెడుతుంది, కానీ గుడ్లలో పిల్ల ఉండదు, నులిపురుగులుంటాయి. తన శత్రువును తనే కొత్త చెట్టుకు చేరవేస్తుంది. ఆస్ట్రేలియాలో తోటలో కొన్ని చెట్లకు ముందుగా కలుపుమందు ఎక్కించి నీరసపరిచి ఎర పెట్టారు. వాటి మీద ఈగలు గుడ్లు పెట్టాక చెట్లను పడగొట్టి, మాను పొడవునా ప్రతి 30 సెం.మీ.కు ఒక చిన్న గుంట చేసి నులిపురుగులు కలిపిన జిగురును నింపారు. ఆ గుంటను డ్రిల్లుతో చేయకూడదు. డ్రిల్లు తిరుగుతూ కొయ్య గొట్టాల నోళ్లను మెలిపెట్టి మూసేస్తుంది. పంచ్ ఉన్న సుత్తితో ఒక్క దెబ్బలో తెగ్గొడితే నోళ్లు తెరుచుకుంటాయి, నులిపురుగులు లోపలికి పాకుతాయి. ఇంత చిన్న పనిముట్టు తేడాతో మొత్తం శ్రమ వృథా అవుతుంది.

అక్కడే ఇంకో పొరపాటూ జరిగింది. ఏళ్ల తరబడి ప్రయోగశాలలో బూజు మీదే పెంచిన నులిపురుగులు క్రమంగా ఈగలో దూరే గుణాన్ని పోగొట్టుకున్నాయి. చివరికి 1991లో టాస్మానియాలోని కమోనా అడవి నుంచి గట్టి రకాన్ని మళ్లీ సేకరించి వాడకంలోకి తెచ్చారు. అన్ని చెట్లు చావడానికి దీనికన్నా పెద్ద కారణం తోటల యాజమాన్యం. ఒత్తుగా పెంచి పలచన చేయని తోటలు, వానలు తగ్గిన ఏళ్లలో నీరసించి, ఈగలకు సిద్ధంగా దొరికాయి. సకాలంలో పలచన చేసిన తోటల్లో నష్టం తక్కువ.

పెద్దావిడ ప్రశ్నకు జవాబు

సైరెక్స్, దాని దగ్గరి చుట్టం యూరోసెరస్ రెండూ పైన్, ఫర్, స్ప్రూస్ లాంటి సూదాకు చెట్ల పురుగులు. వాటి బూజు కూడా ఆ కొయ్యలకే అలవాటుపడింది. వేపకు గానీ, మామిడికి గానీ, నల్లమల టేకుకు గానీ ఇది పట్టదు. వెడల్పాకు చెట్లకు పట్టే ట్రెమెక్స్ లాంటి కొయ్య కందిరీగలు వేరే ఉన్నాయి. అందుకే దొరికిన ఈగను చిదిమి పారేయకుండా దాచాలి.

బీరువాలో మళ్లీ పుడుతుందా అన్నది రెండో ప్రశ్న. పుట్టదు. గుడ్డు పెట్టడానికి దానికి రసం ఉన్న కొయ్య కావాలి, ఎందుకంటే బూజు పెరగాలంటే తడి ఉండాలి. తేమ 20 శాతం కన్నా దిగితే ఆ బూజు ఎదగదు. ఈ ఇంటి పట్టీల్లో పిన్ను మీటరుతో ఆరు చోట్ల చూస్తే తేమ 9 నుంచి 11 శాతం మధ్య వచ్చింది. లోపల ఎన్ని పురుగులు మిగిలాయో అన్నే రంధ్రాలు పడతాయి, ఆ తరువాత ఆగిపోతుంది.

ప్రాణాలతో ఎలా వచ్చింది

పైన్ ముక్క మధ్యభాగం 56 డిగ్రీల సెల్సియస్ చేరి 30 నిమిషాలు నిలిస్తే ఇందులోని పురుగు చస్తుంది. ప్యాకింగ్ కొయ్యకు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌పీఎం 15 అడిగేది ఇదే. అదే ప్రమాణం ప్రకారం మిథైల్ బ్రోమైడ్ వాయువైతే 21 డిగ్రీలు, ఆపైన ఉష్ణోగ్రతలో ఘనపు మీటరుకు 48 గ్రాములు, 24 గంటలు. అయితే 20 సెం.మీ. మించిన మందానికి ఈ వాయువు పద్ధతిని ఆ ప్రమాణం ఒప్పుకోదు, ఎందుకంటే లావు కొయ్యలో, ముఖ్యంగా పచ్చి కొయ్యలో, వాయువు లోపలికి చేరదు. లావు దుంగలకు వాయువు పట్టించి తెచ్చి ఇక్కడ కోసినప్పుడు సరిగ్గా ఈ సందులోంచే పురుగు తప్పించుకుంటుంది.

వేడి పద్ధతిలోనూ తప్పు జరిగే చోటు ఒకటుంది. పట్టీల మధ్య సన్నపుల్లలు పెట్టకుండా అట్టీలు పేర్చి గదిలో పెడితే, గది గాలి 60 డిగ్రీలు చూపిస్తుంది గానీ అట్టీ నడిబొడ్డున ఉన్న పట్టీ ఇంకా చల్లగానే ఉంటుంది. ప్రోబ్ థర్మామీటరును అన్నిటికన్నా లావు ముక్క మధ్యలో దించి చూడాలి. గాలి ఉష్ణోగ్రత లెక్కలోకి రాదు.

ఈ ఇంటి పట్టీలు ఏ దేశం నుంచి వచ్చాయో, ఏ చికిత్స జరిగిందో అమ్మినచోట ఒక్క కాగితం కూడా లేదు. "ట్రీట్‌మెంట్ చేసిన సరుకే" అన్న నోటిమాటతోనే కొనుగోలు జరిగింది. పైపైన బోరాక్స్ ద్రావణంలో ముంచిన పట్టీని కూడా అలాగే అమ్ముతారు. ఆ ముంచడం పైపొరలో పుచ్చు చేరకుండా ఉపయోగపడుతుంది, అంగుళం లోపలున్న పిల్లపురుగుకు దానివల్ల ఏమీ కాదు.

ఇంట్లో చేసిన పని

మొదట ఆపించిన పని మందు కొట్టడం. బట్టలు పెట్టుకునే బీరువాలో రెండుసార్లు చెదల మందు పోశారు. అరలన్నీ ఖాళీ చేయించి, సబ్బునీళ్ల గుడ్డతో రెండుసార్లు, మామూలు నీళ్లతో ఒకసారి తుడిపించి, వారం పాటు తలుపులు, కిటికీలు తెరిచి ఉంచమన్నాం. బట్టలు ఉతికాకే మళ్లీ లోపలికి.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. ధాన్యం గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు రెండు బీరువాలో పెట్టి మూస్తే సరిపోతుందని ఈ ఇంటివాళ్లకు ఎవరో సలహా ఇచ్చారు. అదృష్టవశాత్తు పెట్టలేదు. ఆ మాత్ర గాలిలోని తేమ తగిలితే ఫాస్ఫీన్ వాయువు వదులుతుంది. అది తలుపు సందుల్లోంచి గదిలోకి వస్తుంది, నిద్రలో ఉన్నవాళ్లను చంపుతుంది, దానికి విరుగుడు లేదు. అనుమతి ఉన్న ఆపరేటర్లు తప్ప ఎవరూ ముట్టకూడని సరుకది. పడకగదిలో, పిల్లలున్న ఇంట్లో, ఏ పురుగు కోసమైనా సరే, వాడనే కూడదు.

తరువాత ప్రతి రంధ్రం చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి తేదీ రాశాం. పాత రంధ్రాల మీద కాగితపు టేపు అంటించాం. టేపు చిరగకుండా, కొత్త సున్నాలు పెరగకుండా ఉంటే పురుగులు అయిపోయినట్టు. రంధ్రాలను వెంటనే పూడ్చేస్తే ఏది పాతదో ఏది కొత్తదో తెలియదు, మొదట వచ్చినవాళ్లు మైనంతో మూసి చేసిన పొరపాటు అదే.

బలం చూడటానికి స్క్రూడ్రైవర్ పిడితో పట్టీ పొడవునా తట్టుకుంటూ వెళ్లాం. సొరంగంలో పొట్టు కూరి ఉండటం వల్ల బోలు శబ్దం అంత తేలిగ్గా రాదు, అందుకే శబ్దాన్ని నమ్ముకోకుండా లెక్క చూసుకోవాలి. 25 మి.మీ. మందంలో 6 మి.మీ. సొరంగం దాదాపు నాలుగో వంతు. బీరువా చట్రంలో ఒక్క సొరంగం ఫరవాలేదు. కీలు మరలు దిగే చోట సొరంగం ఉన్నా, ఒకే మూరలో రెండు రంధ్రాలున్నా ఆ పట్టీ మార్చాలి. ఈ లెక్కన మారినవి రెండే. మూడు గదుల బీరువాలు పీకే పని తప్పింది. తీసిన పట్టీలను పరీక్షకు చీల్చిన వెంటనే కాల్చేశాం, పెరట్లో పారేయనివ్వలేదు. పైకప్పు దూలమో, ద్వారబంధమో అయి ఉంటే ఈ లెక్క సరిపోదు, ఇంజనీరు చూడాలి.

మెరుగు పని ఏడాది ఆగాకే. సన్నటి రంపపు పొట్టును కొయ్య జిగురుతో ముద్దలా కలిపి, అగ్గిపుల్ల వెనకతో లోపలికి దట్టించి, ఆరాక పైన మైకా రంగు మైనం రుద్దితే చాలు.

ఈగను చిన్న గాజుసీసాలో 70 శాతం ఆల్కహాల్‌లో వేశాం. దొరికిన తేదీ, ఊరు, ఏ కొయ్యలోంచి వచ్చిందో పెన్సిలుతో రాసిన చీటీ లోపలే వేయాలి. పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. పురుగు గుర్తింపుకు బెంగళూరులోని వ్యవసాయ కీటక వనరుల జాతీయ బ్యూరో, కొయ్య గుర్తింపుకు అక్కడే ఉన్న కొయ్య శాస్త్ర సాంకేతిక సంస్థ కర్నూలుకు దగ్గర. దిగుమతి కొయ్యలో బతికున్న పురుగు దొరికితే మొక్కల క్వారంటైన్ అధికారులకు తెలపడం కూడా పనిలో భాగమే. రాయలసీమలో పైన్ అడవి లేదు కాబట్టి ఇక్కడ ఈ ఈగకు బతుకు లేదు. కానీ అదే సరుకు హిమాలయ రాష్ట్రాలకు కూడా వెళుతుంది, అక్కడి చీర్ పైన్ అడవులకు ఈ కబురు అవసరం.

పెరటి మామిడి

పన్నెండేళ్ల బేనిషా చెట్టు. నేలకు రెండడుగుల లోపు మూడు రంధ్రాలు, ఒక్కోటీ వేలు దూరేంత. నోట్లోంచి నమిలి ఊసిన చెరుకు పిప్పిలా తడి పీచు వేలాడుతోంది, పక్కనే నల్లటి జిగురు. ఒక వైపు కొమ్మ ఆకులు వాడాయి. ఇది మామిడి కాండం తొలుచు పురుగు, శాస్త్రీయ నామం బటోసెరా రూఫోమాక్యులేటా. బీరువా రంధ్రంతో దీనికి ఏ సంబంధమూ లేదు. పెద్దది బూడిదరంగు, పొడవు మీసాలున్న పెంకుపురుగు. బెరడు పగుళ్లలో గుడ్డు పెడుతుంది. దాని పిల్లపురుగు వేలెడు పొడవు పెరిగి, చెట్టు లోపల నెలల తరబడి తింటుంది. కొయ్య కందిరీగ పొట్టును లోపలే కూరుతుంది, ఇది బయటికి నెడుతుంది. రెంటినీ విడదీసి గుర్తుపట్టడానికి ఈ ఒక్క తేడా చాలు.

సైకిల్ చువ్వ కొసను సన్నటి కొక్కెంలా వంచి, పీచంతా లాగేసి, సొరంగం వెంబడి పైకీ కిందికీ దించి తిప్పాం. చువ్వ కొసకు తెల్లటి రసం అంటితే పురుగు దొరికినట్టు. మూడింటిలో రెండు సొరంగాల్లో దొరికాయి. మూడోది లోతుగా వంపు తిరిగింది. అందులో పెట్రోలుతో తడిపిన చిన్న దూది ఉండ దూర్చి బంకమన్నుతో మూశాం. దగ్గర బీడీ, అగ్గి ఉండకూడదు. ఈ పనికి పాత పుస్తకాలు చెప్పే డైక్లోర్‌వాస్ మందు 2020 డిసెంబరుతో దేశంలో నిషేధమైంది, ఎక్కడైనా పాత సీసా ఉన్నా వాడకూడదు. చచ్చిన బెరడును పచ్చి అంచు వచ్చేదాకా చెక్కి, 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం, లీటరు నీళ్లతో బోర్డో పేస్టు కలిపి పూశాం. మైలుతుత్తాన్ని ప్లాస్టిక్ బకెట్లోనే కరిగించాలి, ఇనుప పాత్రలో పాడవుతుంది. వాడిన కొమ్మను కోసి కాల్చాం. చెట్టు పక్కన నాలుగేళ్లుగా పడి ఉన్న ఎండు మామిడి దుంగనూ తీయించాం.

పదిహేను రోజులకు మళ్లీ చూస్తే బంకమన్ను మూత పగలలేదు, మొదటి రెండు రంధ్రాల దగ్గర కొత్త పీచు లేదు.

కొనేటప్పుడు

పైన్ కొనేవాళ్లు అడగాల్సింది కొయ్యను వేడి గదిలో (కిల్న్‌లో) ఆరబెట్టినట్టు రాసిన కాగితం, ముక్క మధ్యలో ఎంత వేడి, ఎంతసేపు అన్న వివరంతో. ప్యాకింగ్ పేటికల కొయ్య వాడుతుంటే దాని మీద గోధుమ కంకి ముద్ర, ఐపీపీసీ (అంతర్జాతీయ మొక్కల రక్షణ ఒప్పందం) అక్షరాలు, దేశం కోడ్, పక్కన వేడికి హెచ్‌టీ, మిథైల్ బ్రోమైడ్‌కు ఎంబీ ఉన్నాయో లేదో చూడాలి. ఇంట్లో వాడకానికి హెచ్‌టీ ఉన్నదే తీసుకోవడం మేలు. బెరడు ముక్క అంటుకుని ఉన్న పట్టీని పక్కన పెట్టాలి. అట్టీలోంచి నాలుగైదు పట్టీల కోత ముఖాలను నీళ్లతో తడిపి చూస్తే కూరిన సొరంగాలు గుండ్రటి మచ్చలుగా తేలతాయి. డబ్బు కట్టకముందే అడితిలో రెండు నిమిషాల్లో అయ్యే పని ఇది.

ఈ ఇంట్లో ఆగస్టులో మరో రెండు రంధ్రాలు పడ్డాయి, మొత్తం పదకొండు. చివరి సున్నా పక్కన రాసిన తేదీ ఆగస్టు 23. ఆ తరువాతి ఏడాది వేసవి, వానాకాలం దాటి సెప్టెంబరులో చూసినప్పుడు టేపులన్నీ అలాగే ఉన్నాయి, పన్నెండో సున్నా చుట్టే అవసరం రాలేదు. ఆ నెలలోనే రంధ్రాలు పూడ్చారు.